చదవకుండా చింపిన కాగితం

నానిన మెంతుల వాసన వంటింట్లోంచి వస్తే ఎవరూ పట్టించుకోరు. నా గదిలో, బీరువా మీదున్న రేకుపెట్టెలోంచి వచ్చింది కాబట్టి నేను మంచం మీంచి లేచి కూర్చున్నాను. రెండు రోజులుగా తుపాను వాన. శ్లాబు కారి, నీళ్ళు గోడవెంట జారి పెట్టెలోకి దిగాయి. మనవరాలు హేమ స్టూలెక్కి దాన్ని దించి మూత తీసేసరికి మెంతులూ, చింతగింజల జిగురూ, వేపాకూ మూడూ కలిసి గుప్పుమన్నాయి. డెబ్బై ఏళ్ళ నాటి వాసన. ఆ జిగురు ఆఖరిసారి ముట్టుకుని ఎన్నాళ్ళయిందో గాని, నేను నా వేళ్ళు వాసన చూసుకున్నాను.

పెట్టెలో పాత నేతగుడ్డలో చుట్టి దాచిన కాగితపు బొమ్మ ఒకటుంది. జానెడు ఎత్తు. చంకలో గొడుగు, చేతిలో ట్రంకుపెట్టె, నెత్తిన తలపాగా, నవ్వుమొహం. మా ఇంట్లో దాని పేరు ఓడ దిగిన మావయ్య. ప్రతి దసరాకీ మా బొమ్మల కొలువులో పైమెట్టు దానిదే. నీళ్ళు తగిలి వీపు దగ్గర పొరలు విడిపోయాయి. ఆరబెడదామని ఒక పొర మెల్లిగా లాగాను. లోపలివైపు ఊదారంగు అక్షరాలు కనబడ్డాయి. ఆ రోజుల్లో కాపీ పెన్సిలని ఒకటుండేది. దానితో రాసింది తడి తగిలితే ఊదాగా మారిపోయి ఇక చెరిగేది కాదు. "…కట్టెలు మేమే ఏరి…" అని ఉంది. కళ్ళద్దాలు తుడుచుకుని పక్క పొర లాగాను. "…మంగళవారం తెల్లారగట్ట మీ ఆయన…" ఇంకొకటి. "…రవణమ్మగారికి తెలియజేయునది…"

హేమ ఏదో అడుగుతోంది, నాకు వినబడలేదు. రవణమ్మత్త మొగుడు చచ్చిపోయాడన్న ఉత్తరం అది. ఆ ఉత్తరం ఎప్పుడూ రానేలేదని మా వీధి వీధంతా నమ్మింది, నేనూ నమ్మాను, ఎనభై దాటేదాకా నమ్ముతూనే ఉన్నాను. ఇంతకన్నా ఘోరం ఇంకోటుంది. ఆ కాగితాన్ని ముక్కలుగా చింపింది నేనే.

రవణమ్మత్త మాకు చుట్టం కాదు. అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకి పోయే దారిలో మా పక్కిల్లు ఆవిడది. రెండు గదుల పెంకుటిల్లు, ముందు చిన్న అరుగు. మొగుడు అప్పన్న మావయ్య రంగూను రేవులో మేస్త్రీ. రెండేళ్ళకోసారి ఓడెక్కి వచ్చి, నెల్లాళ్ళుండి, మళ్ళీ వెళ్ళిపోయేవాడు. పిల్లల్లేరు. వీధిలో ఎవరింట్లో బారసాలైనా, సీమంతమైనా, దసరా కొలువైనా ముందు రవణమ్మత్తకి కబురు వెళ్ళాల్సిందే. ఏ ముచ్చటకి ఏం కట్టాలి, వచ్చినవాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాలి, పిల్లల చేతికి ఏమివ్వాలి, అన్నీ ఆవిడే అనుకుని, ఆవిడే చేతులారా చేసేది. కొండకర్ల ఆవ చెరువులోంచి జీలుగు బెండు తెప్పించి, కత్తితో పొరలు తీసి మల్లెపూలు చేస్తే, నిజం పూలనుకుని మా అమ్మ ఒకసారి జడలో పెట్టుకోబోయింది.

అందరి కొలువుల్లోనూ అవే రాజూ రాణీ, అవే పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ. రవణమ్మత్త కొలువుకి మాత్రం ఏటికో ముచ్చట ఉండేది. నాకు బాగా గుర్తున్నది బెల్లం కొలువు. మెట్లన్నీ చెరకుతోట. కింద గానుగ, బెండుతో చేసిన ఎద్దులు, పెనం ముందు చెమట తుడుచుకుంటున్న మనిషి. పేరంటానికి వచ్చిన ప్రతివాళ్ళకీ శనగలతోపాటు ఆకులో వేడి పాకం పోసిచ్చింది. ఇంకో ఏడు వాన కొలువు. పిల్లలందరికీ చేమాకు గొడుగులు. పేరంటానికి పిలుపు కూడా నోటితో పిలిచి ఊరుకునేది కాదు. రంగుకాగితం ముక్కమీద బెండకాయని అడ్డంగా కోసి పసుపులో ముంచి పువ్వులా ముద్ర వేసి ఇంటింటికీ పంపేది. "కొలువంటే బొమ్మలనుకున్నావేటే రాజీ? కొలువంటే వచ్చినోళ్ళు. ఇంటికెళ్ళి తొంగున్నాక కూడా ఓసారి నవ్వుకోవాల, అదీ పేరంటం," అనేది. తొమ్మిదేళ్ళు వచ్చేసరికి నేను ఆవిడ ఇంట్లోనే పెరుగుతున్నాను.

బొమ్మ చెయ్యడం ఇలాగ. ముందు మట్టితో అచ్చు. దాని మీద చింపిన కాగితాలు పొరమీద పొర అతికించాలి. యుద్ధం వచ్చాక మైదా దొరకలేదు, చింతగింజలు వేయించి విసిరి ఉడికించిన జిగురే గతి. పురుగు పట్టకుండా అందులో మెంతులూ వేపాకూ నూరి వెయ్యాలి. ఆరాక వీపు చీల్చి మట్టి తీసేసి మళ్ళీ అతికితే గాలంత తేలికైన బొమ్మ. కాగితానికి కూడా కరువే. నా పాత కాపీపుస్తకాలు, శుభలేఖలు, కొట్టులో పొట్లాలు విప్పిన కాగితాలు, అన్నీ దాచి ఆవిడకిచ్చేదాన్ని. కత్తెర పనికిరాదు, చేత్తోనే చింపాలి, అంచు పీచులా ఉంటేనే అతుకు కనబడదు. నాకు చదువు పిచ్చి. పొట్లం కాగితం మీద సగం కథ కనబడితే మిగతా సగం కోసం వెతుక్కుంటూ కూర్చునేదాన్ని. నా నెత్తిమీద మొట్టికాయ పడేది.

"సదవకుండా సింపు. సదివితే సెయ్యాగిపోద్ది. సెయ్యాగితే జిగురెండిపోద్ది," అనేది.

అది పనిలో నియమం అనుకున్నాను. ఎందుకనుకోను? నిజంగానే చదువుతూ కూర్చుంటే జిగురు ఎండిపోయేది.

మా నాయనమ్మ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే రవణమ్మత్తకి ఏం పోతుందో మీకు తెలియదు. నాయనమ్మ ఇరవై నాలుగో ఏట విధవ అయింది. నేను చూసేటప్పటికి తెల్లచీర, బోడితల, ఒంటిపూట భోజనం. మా ఇంట్లోనే పేరంటం జరిగితే ఆవిడ వెనక వసారాలో కూర్చునేది. ఎవరైనా శుభకార్యానికి బయలుదేరుతుంటే తానే పక్కకి తప్పుకునేది. ఒకసారి రవణమ్మత్త చేసిన బెండు చిలకని ముచ్చటపడి చేతిలోకి తీసుకుంటే, మా పెద్దత్త పరుగున వచ్చి, "అయ్యో, అది సీమంతానికి!" అని లాక్కుంది. నాయనమ్మ చేతులు చీరకి తుడుచుకుంది. ఆవేళ రవణమ్మత్త ఆ చేతుల్ని చూస్తూ నిలబడిపోవడం నాకు గుర్తుంది. మొగుడు పోతే ఆ చేతులకి గాజులు పోవడమొకటే కాదు, పనీ పోతుంది, పిలుపూ పోతుంది.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా రంగూను జపాను వాళ్ళ చేతికి పోయింది. ఓడలు ఆగిపోయాయి. అక్కడున్న మనవాళ్ళు కొండలూ అడవులూ పట్టి నడిచి వస్తున్నారని, దారిలో సగంమంది పోతున్నారని చెప్పుకునేవారు. అప్పన్న మావయ్య నుంచి ఉత్తరం లేదు. అందరూ రవణమ్మత్త మొహంకేసి, తర్వాత నుదుటికేసి చూడ్డం మొదలుపెట్టారు. ఆవిడ బొట్టు మామూలుకన్నా పెద్దది పెట్టేది.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం ఆవిడ అరుగుమీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. కాళ్ళు వాచి గుమ్మడికాయల్లా ఉన్నాయి. మూడు చెంబుల నీళ్ళు తాగాడు. నేను మా గుమ్మంలోంచి చూస్తున్నాను, మా అరుగుమీద బియ్యం ఏరుతూ నాయనమ్మ చూస్తోంది. అతను రొండినున్న గుడ్డలోంచి ఏదో తీసి రవణమ్మత్త చేతిలో పెట్టి, తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ లోపలికి పోయి తలుపేసుకుంది. సాయంత్రం వెళ్ళి అడిగాను.

"ఎవరత్తా అతను?"

"మునగపాక పోతన్నాడట. నీళ్ళడిగేడు."

"ఏదో ఇచ్చేడు గదా?"

"కాగితాలే. మనకి కాగితం కరువు గదా." అని నవ్వింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొయ్యి పొగ అనుకున్నాను.

ఆ దసరాకి ఓడ కొలువు అంది. నేను ఎగిరి గంతేశాను. మెట్లే ఓడ. నీలిమందులో ముంచిన పాతచీర సముద్రం. బెండు చేపలు, బెండు కొంగలు. పిలుపు కాగితాలు ఆ ఏడు ఓడ టిక్కెట్లు. లోపలికి వచ్చే ప్రతి ముత్తైదువా గుమ్మంలో నాకు టిక్కెట్టు ఇవ్వాలి, నేను కాగితం టోపీ పెట్టుకుని చించి పంపాలి. శనగలు కాగితం పడవల్లో. పైమెట్టు మీద ఓడ దిగుతున్న మనిషి. ఆ బొమ్మకి మాత్రం అచ్చు మూడుసార్లు చెడగొట్టి మళ్ళీ చేసింది. ఆఖరి పొరల దగ్గరికి వచ్చేసరికి ఒక మడత కాగితం నా ఒళ్ళో పడేసింది. మాసి, చెమట పట్టి, మడతల దగ్గర అరిగిపోయిన కాగితం.

"సింపు. సిన్నసిన్న ముక్కలు సెయ్. సదవకు."

"రాత ఉందత్తా."

"అందుకే సదవకన్నాను."

నేను మంచిపిల్లని. చదవలేదు. పాటేదో పాడుకుంటూ పర్‌పర్‌మని చింపాను. ఆవిడ నాకు వీపు చేసుకుని కూర్చుని, ముక్కలకోసం చెయ్యి వెనక్కి చాపింది. ఒక్కొక్కటీ అందుకుని, రాత లోపలికి పెట్టి అతికించింది. ఆ చెయ్యి ఇప్పటికీ నా కళ్ళముందుంది, గాజులు మోచేతిదాకా జరిగిపోయి, అరచెయ్యి తెరుచుకుని. నేనేమో తొందరగా చింపుతున్నందుకు మెచ్చుకుంటుందని చూస్తున్నాను.

పేరంటం ఏడోనాడు. ఇల్లు కిటకిటలాడిపోతోంది. పిల్లలు పడవలు పట్టుకుని ఒకరినొకరు గుద్దుకుంటున్నారు. అప్పుడు పాయకరావుపేట నుంచి అప్పన్న మావయ్య అక్క, సత్తెమ్మగారు వచ్చింది. నేను టిక్కెట్టడిగితే నన్ను తోసుకుని లోపలికి నడిచింది. పళ్ళెంలో పసుపూ కుంకుమా పట్టుకుని నిలబడ్డ రవణమ్మత్త ఎదురుగా ఆగింది.

"మునగపాకలో అనుకుంతన్నారు, నా తమ్ముడు దారిలో పోయేడని. నీకు ఉత్తరం కూడా వచ్చిందట. నిజమేనా?"

పడవలో శనగలు నోట్లో వేసుకోబోతున్న మా అమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది.

"వచ్చుంటే ఇంట్లోనే ఉంటాది గదా వొదినా," అంది రవణమ్మత్త. "ఎతుక్కోండి."

సత్తెమ్మగారు వెతికింది! పేరంటం మధ్యలో, ముత్తైదువలందరి ముందూ ట్రంకుపెట్టె బోర్లించింది. చీరల మడతలు విప్పింది. బియ్యం కుండలో మోచేతిదాకా చెయ్యి పెట్టింది. కాగితాల బుట్ట కుమ్మరించి ముక్కముక్కా చూసింది. నేను కాగితం టోపీతో గుమ్మంలో బిగుసుకుపోయాను. పెద్దవాళ్ళు ఒకరి ఇంట్లో ఇలా చెయ్యగలరని నాకు అంతవరకూ తెలియదు. ఏమీ దొరకలేదు. బయటికొచ్చి మా అరుగుమీదున్న నాయనమ్మని అడిగింది.

"పెద్దమ్మా, ఈ ఇంటికి రంగూను మనిషెవడైనా వచ్చేడా? మీరు రోజంతా ఇక్కడే ఉంతారు గదా."

"నాకు సూపానదమ్మా," అంది నాయనమ్మ.

నేను తెల్లబోయాను. బియ్యంలో ఆవగింజంత రాయిని కూడా ఏరిపారేసే మనిషి! ముసలిదానికి పొగరని, ఆవిడ అడిగిన తీరు నచ్చక అలా అందనీ అప్పుడు అనుకున్నాను. నిన్న తెలిసింది నాకు ఆ మాట విలువ. ఆ వీధిలో ఇంకో బోడితల చూడ్డం ఇష్టంలేక ఆవిడ జీవితంలో ఒక్క అబద్ధం ఆడింది.

సత్తెమ్మగారు మళ్ళీ లోపలికి వచ్చి మెట్ల ముందు ఆగింది. పైమెట్టు మీద బొమ్మని తీసింది. కింద ఏమైనా ఉందేమోనని చూసి, తిప్పి మొహంకేసి చూసింది. కోపమంతా ఎక్కడికి పోయిందో. "అచ్చం మా తమ్ముడి నవ్వేనే," అని దాన్ని గుండెకి హత్తుకుని భోరుమంది.

"ఏడవకండి వొదినా. తడిసిపోద్ది," అంది రవణమ్మత్త. బొమ్మని మెల్లిగా ఆవిడ చేతుల్లోంచి తీసుకుని పైమెట్టు మీద పెట్టింది.

అప్పుడు మా అమ్మ ముందుకొచ్చి, "ఎతకడం అయింది గదా రవణమ్మా. ఇంక బొట్టు పెట్టు," అని మొహం చాపింది. ఆ వెనక ఒక్కొక్కళ్ళూ వచ్చారు. చివర సత్తెమ్మగారు కూడా పెట్టించుకుంది. హారతిచ్చేటప్పుడు రవణమ్మత్త పళ్ళాన్ని అమ్మవారి ముందు మూడుసార్లు తిప్పి, పైమెట్టు దగ్గరికి ఎత్తి మరో మూడుసార్లు తిప్పింది. తొమ్మిదిరోజులూ అలాగే చేసింది. మావయ్య క్షేమంగా రావాలని మొక్కుకుంటోందనుకుని నేను గట్టిగా గంట వాయించాను.

అప్పన్న మావయ్య రాలేదు. ఉత్తరమూ లేదు, చూసిన మనిషీ లేడు కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయారు. తప్పిపోయిన మనిషికోసం పన్నెండేళ్ళు చూస్తారు, ఆ తర్వాతే కర్మకాండ. రవణమ్మత్త ఆ పన్నెండేళ్ళూ పూర్తిగా బతకలేదు. ఈలోపల ఎన్ని కొలువులు పెట్టిందో, ఎంతమంది ఆడపిల్లల పెళ్ళిళ్ళకి బాసికాలు కట్టిందో లెక్కలేదు. నా బాసికం కూడా ఆవిడే కట్టింది. నేను అత్తారింటికి వెళ్ళేరోజు ఈ బొమ్మ నా చేతిలో పెట్టింది.

"నీళ్ళు తగలనివ్వకే."

"తగిల్తే ఏటవుద్ది అత్తా?"

"ఇప్పటిదాకా బొమ్మ గదా. తడిస్తే ఒట్టి కాగితమైపోద్ది."

రవణమ్మత్త విషజ్వరం వచ్చి చనిపోయింది. నుదుట పెద్ద బొట్టుతో, చేతినిండా గాజులతో, పసుపు రాసి ముత్తైదువలాగే సాగనంపారు. అదృష్టవంతురాలంది వీధంతా. నేనూ అన్నాను.

నిన్నంతా నాకు ఆవిడమీద కోపం. నన్నెందుకు ఇందులోకి లాగావు? పదకొండేళ్ళ పిల్లచేత మొగుడి చావుకబురు చింపిస్తావా? సొంత అక్కకి తమ్ముడు పోయిన సంగతి చెప్పకుండా ఆ చేతులతోనే బొట్టు పెడతావా? సత్తెమ్మగారు చనిపోయేవరకూ పాయకరావుపేటలో బస్సు ఆగిన చప్పుడైతే గుమ్మంలోకి వచ్చి చూసేదట. ఆ పాపం ఎవరిది? పడుకున్నా లేచినా ఇదే గొణుక్కుంటున్నానని హేమ భయపడింది.

ఇవాళ పొద్దున్న ఒక సంగతి తట్టింది. దాచాలనుకుంటే పొయ్యి ఉంది. ఒక్క నిమిషం పని. ఆవిడ కాల్చలేదు. ఎక్కడో అడవిలో ఎవరో ఏరిన కట్టెలమీద ఒకసారి కాలిన మనిషిని మళ్ళీ కాల్చలేకపోయింది. చింపితేనే బొమ్మ అవుతుంది, చింపడానికి తనకి చెయ్యాడలేదు. అందుకని నా చెయ్యి అడిగింది. పిండం పెట్టడానికి లేదు, గట్టిగా ఏడవడానికి లేదు. నలుగురి మధ్యా పైమెట్టు ఎక్కించి హారతి ఇచ్చుకుంది. నేను గంట వాయించాను.

ముప్పై ఏళ్ళు ఆడపిల్లల స్కూల్లో చేతిపనులు నేర్పాను. ఎన్ని వందలమంది పిల్లలకో కాగితాలు పంచి, "చదవకుండా చింపండి, చదివితే చెయ్యి ఆగిపోతుంది" అని చెప్పాను. నా పిల్లలకి చెప్పాను, హేమకి చెప్పాను. ఆవిడ దగ్గర నేర్చుకున్న పనితనం అదేనని గొప్పగా చెప్పుకున్నాను కూడా.

చింతగింజలు బజార్లో దొరకలేదు. మెంతులు మాత్రం నూరి మైదాతో జిగురు కాచాను. హేమ విడిపోయిన పొరలన్నీ పళ్ళెంలో వరసగా పేర్చింది. ఇంకా ఏడెనిమిది ముక్కల మీద రాత ఉంది. "అమ్మమ్మా, ఇవి కలిపి చూస్తే మొత్తం ఉత్తరం తెలుస్తుంది. చదవనా?" అంది, ఒకటి వెలుతురుకి ఎత్తి పట్టుకుని.

నేను తనకి వీపు చేసుకుని కూర్చుని చెయ్యి వెనక్కి చాపాను.

"చదవకు. ఒక్కొక్కటీ నాకందించు."